మారతహళ్ళి మీదుగా పోయింది తేజసా, మిరాజా? యుద్ధ విమానాన్ని గుర్తుపట్టే పద్ధతి

బెంగళూరు తూర్పు వైపు ఉండే తెలుగువాళ్ళకు ఈ మోత కొత్త కాదు. మారతహళ్ళిలో పీజీ మేడ మీద బట్టలు ఆరేస్తున్నా, మురుగేశ్‌పాళ్యలో టీ తాగుతున్నా ఆకాశం చీలినట్టు శబ్దం వస్తుంది, తలెత్తేసరికి విమానం దాటిపోతుంది. చాలామంది ‘ఏదో ఫైటర్’ అని ఊరుకుంటారు, లేదా కనబడ్డ ప్రతిదాన్నీ రఫేల్ అనేస్తారు. ఆకారాన్ని ఒక వరసలో చూడటం అలవాటైతే మూడు నాలుగు సెకన్లలో పేరు చెప్పొచ్చు. మొదట రెక్క, తర్వాత తోక, ఆపైన ఇంజిన్లు. రంగు ఆఖరున. ఎండకు ఎదురుగా చూస్తే ఏ విమానమైనా నల్లగానే కనిపిస్తుంది కాబట్టి రంగును నమ్ముకుంటే తప్పు పోతారు.

ముందు శబ్దం సంగతి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. విమానం మీకు 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే మోత మీ చెవికి చేరడానికి 9 సెకన్లు పడుతుంది. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయేది ఆలోపు 2 కిలోమీటర్లు ముందుకెళ్ళిపోతుంది. మోత వచ్చిన చోట వెతకడం వల్లే చాలామందికి విమానం కనపడదు. మోత ఎటు కదులుతోందో పట్టుకుని, దానికి బాగా ముందుగా చూడండి. ఒక్కసారి బాంబు పేలినట్టు కిటికీలు అదిరితే అది వేరే విషయం. 2020 మే 20న మధ్యాహ్నం నగరమంతా అలాంటి శబ్దం విని హడలిపోయింది. అది వాయుసేన పరీక్షా విమానం చేసిన సోనిక్ బూమ్ (ధ్వని కన్నా వేగంగా పోయే విమానం నుంచి వచ్చే పేలుడు లాంటి మోత) అనీ, విమానం 36,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో ధ్వని వేగం కిందికి దిగుతున్నప్పుడు వినబడి ఉంటుందనీ, అప్పటికది నగరానికి చాలా దూరంగా ఉందనీ రక్షణ శాఖ చెప్పింది. అలాంటి శబ్దం విన్నాక ఆకాశంలో వెతికి లాభం లేదు.

ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నదే సగం జవాబు చెబుతుంది. పాత విమానాశ్రయం రోడ్డులోని హెచ్‌ఏఎల్ (ప్రభుత్వ విమాన తయారీ సంస్థ) విమానాశ్రయం నుంచి 2008 మేలో దేవనహళ్ళికి ప్రయాణికుల విమానాలు తరలిపోయాక, ఇక్కడ ఎక్కువగా ఎగిరేవి హెచ్‌ఏఎల్ తయారుచేసేవి, మరమ్మతు చేసేవి, వాయుసేన పరీక్షా కేంద్రం నడిపేవి. అంటే తేజస్, జాగ్వార్, మిరాజ్, హాక్ విమానాలు, ధ్రువ్, ప్రచండ్ హెలికాప్టర్లు. సుఖోయ్‌లు తయారయ్యేది నాసిక్‌లో, రఫేల్‌ల స్థావరాలు అంబాలా, హసిమారా. కాబట్టి మామూలు రోజున మారతహళ్ళి మీద రఫేల్ అనే ముందు రెండోసారి చూడండి. యలహంక వాయుసేన కేంద్రంలో రవాణా విమానాల పైలట్లకు శిక్షణ ఇస్తారు కాబట్టి అటువైపు ప్రొపెల్లర్ల రొద ఎక్కువ.

ఇక ఆకారం. ఎక్కువ గందరగోళం తేజస్‌కూ మిరాజ్-2000కూ మధ్యే. రెండూ త్రికోణపు రెక్క ఉన్నవే, రెంటికీ వెనక అడ్డ తోక లేదు, ఒకటే ఇంజిన్. తేడా రెక్క ముందు అంచులో ఉంది. మిరాజ్ అంచు ఒంటి నుంచి రెక్క కొస దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతుంది. తేజస్ అంచుకు మధ్యలో ఒక విరుపు ఉంటుంది: ఒంటి దగ్గర కొంచెం తక్కువ వాలుతో బయలుదేరి, విరుపు దాటాక ఒక్కసారిగా వెనక్కి ఎక్కువ వాలుతుంది. విమానం మీ నడినెత్తి మీదికి వచ్చినప్పుడు ఈ విరుపు స్పష్టంగా తెలుస్తుంది, పక్క నుంచి చూస్తే తెలియదు. పక్క నుంచైతే గాలి తీసుకునే ద్వారాలు చూడండి. మిరాజ్ ద్వారంలో సగం శంకువు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, తేజస్ ద్వారాలు రెక్క కిందికి ఒదిగి ఉంటాయి. తేజస్ పొడవు కూడా తక్కువే, 13.2 మీటర్లు; పెద్దదైన సుఖోయ్-30 దాదాపు 22 మీటర్లు.

రెక్కకు ముందు, కాక్‌పిట్ దగ్గర ఇంకో జత చిన్న రెక్కలు కనిపిస్తే రెండే అవకాశాలు. నిలువు తోకలు రెండుంటే సుఖోయ్-30, ఒకటే ఉంటే రఫేల్. నిలువు తోకలు రెండుండి ముందు చిన్న రెక్కలు లేకపోతే మిగ్-29. మిగ్-21ను 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సాగనంపారు కాబట్టి ఇక దాని పేరు జాబితాలోంచి తీసేయండి.

జాగ్వార్‌నూ హాక్‌నూ కలిపేయడం రెండో పెద్ద తప్పు. రెంటికీ వెనక అడ్డ తోక కిందికి వాలి ఉంటుంది, అందుకే పొరపాటు. జాగ్వార్ రెక్క ఒంటి పై అంచున అతుక్కుని ఉంటుంది, ఇంజిన్లు రెండు. హాక్ రెక్క కింది అంచున ఉంటుంది, ఇంజిన్ ఒకటి, ముందూ వెనకా ఇద్దరు కూర్చునే పొడవాటి అద్దం మూపురంలా పైకి లేచి ఉంటుంది. ఎరుపు తెలుపు రంగుల్లో తొమ్మిది హాక్‌లు జట్టుగా కనిపిస్తే అది వాయుసేన విన్యాసాల బృందం సూర్యకిరణ్.

హెలికాప్టర్లలో పై ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాలి. చేతక్ మూడు, ధ్రువ్ నాలుగు, ఎంఐ-17 అయిదు. తిరుగుతుంటే లెక్క కుదరదు కాబట్టి చిన్న వీడియో తీసి ఆపి చూడండి. నాలుగు రెక్కలుండి ఒళ్ళు సన్నగా, పైలట్లు ఒకరి వెనక ఒకరు కూర్చుంటే ప్రచండ్ లేదా అపాచీ. వెడల్పాటి ధ్రువ్ ఒంటికే ముక్కు కింద తుపాకీ ఉంటే అది రుద్ర. రవాణా వాటిలో ఏఎన్-32 ఒక్కటి పట్టుకుంటే చాలు, దాని రెండు ఇంజిన్లు రెక్క కింద వేలాడవు, రెక్క పైన ఎక్కి కూర్చుంటాయి. రెక్క కింద రెండే ఇంజిన్లుంటే సి-295 లేదా చిన్నదైన డోర్నియర్, నాలుగు ప్రొపెల్లర్లుంటే సి-130.

తోక దగ్గరి అక్షరాలు బైనాక్యులర్స్‌లో అందితే సందేహం తీరుతుంది. 8x42 సైజు సరిపోతుంది, అంతకన్నా ఎక్కువ జూమ్ అయితే చేతి వణుకుకు బొమ్మ నిలవదు. వాయుసేనకు అందే ఒంటి సీటు తేజస్‌ల మీద ఎల్ఏ అని మొదలై 5000ల అంకెలుంటాయి. 2024 మార్చి 28న బెంగళూరులో తొలిసారి ఎగిరిన మార్క్-1ఏ (తేజస్ కొత్త రకం) సంఖ్య ఎల్ఏ-5033. కేహెచ్ అని ఉంటే అది పరీక్షలకు కట్టిన తొలి విమానాల్లోది. ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో ఏమీ కనబడలేదని కంగారు పడకండి, సైనిక విమానాలు చాలావరకు అందులో కనిపించవు.

ఇక్కడ ఒక హద్దు గట్టిగా చెప్పాలి. ఎగురుతున్న విమానాన్ని మీ మేడ మీద నుంచి చూడటం వేరు, రన్‌వేనీ హ్యాంగర్లనూ ప్రహరీ మీదుగా ఫొటో తీయడం వేరు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద సైనిక స్థావరాలు నిషిద్ధ ప్రదేశాలు. దేశ భద్రతకు హాని తలపెట్టి అక్కడి బొమ్మలు, ప్లాన్లు సేకరిస్తే 14 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. మీకు అలాంటి ఉద్దేశం లేదని తేల్చుకోవడానికి పోలీసు స్టేషన్‌లో ఒక రోజంతా పోతుంది. మీ వీధిలోనో పక్క బస్తీలోనో కమాండోల ఆపరేషన్ జరుగుతుంటే లైవ్ పెట్టొద్దు. 2008 ముంబై దాడుల్లో టీవీలో చూపింది చూసి పాకిస్తాన్‌లో ఉన్నవాళ్ళు లోపలున్న ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు. 2021 కేబుల్ టీవీ సవరణ నియమాలు ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ల ప్రత్యక్ష ప్రసారాన్ని నిషేధించాయి, ప్రభుత్వం నియమించిన అధికారి అప్పుడప్పుడు చెప్పే వివరాలే చూపాలి. 2025 ఏప్రిల్ 26న సమాచార శాఖ ఇదే జాగ్రత్తను సోషల్ మీడియా వాడేవాళ్ళకూ చెప్పింది. వీడియో తీసినా దళాలు వెళ్ళిపోయేదాకా ఫోన్లోనే ఉంచండి, లొకేషన్ ట్యాగ్ తీసేయండి.

ఇవన్నీ దగ్గర్నుంచి, తగువు లేకుండా చూసేది యలహంకలో రెండేళ్ళకోసారి జరిగే ఏరో ఇండియాలో. 1996లో మొదలైంది, గత ప్రదర్శన 2025 ఫిబ్రవరి 10 నుంచి 14 దాకా. ఎగిరేవి మాత్రమే చూడాలంటే అడ్వా అనే వీక్షణ ప్రాంతం టికెట్ చాలు, 2025లో అది 1,000 రూపాయలు. నేల మీద నిలిపినవీ చూడాలంటే సాధారణ సందర్శకుల టికెట్ 2,500. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అడ్వా చాలు. ఉచిత పార్కింగ్ జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం), జక్కూర్‌లలో పెట్టి బీఎంటీసీ బస్సుల్లో తీసుకెళ్ళారు. 2019 ఫిబ్రవరి 23న పార్కింగ్ మైదానంలో ఎండుగడ్డి అంటుకుని దాదాపు 300 కార్లు కాలిపోయాయి, కాబట్టి వేడి సైలెన్సర్ గడ్డికి తగిలేలా బండి ఆపకండి, సిగరెట్ సంగతి చెప్పనక్కర్లేదు. తిండి మిగిలితే సంచిలో వేసుకుని తెచ్చేయండి. ఆ మెతుకులకు గద్దలు చేరతాయి, గద్ద ఇంజిన్‌లో పడితే విమానమే పోవచ్చు. 2025లో చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకాలు ఆపింది ఇందుకే. డ్రోన్ అసలు తేవద్దు.

ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనాలో వాయుసేన ప్రదర్శన చూడ్డానికి వచ్చినవాళ్ళలో అయిదుగురు చనిపోయారు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, అంచున్న టోపీ. గొడుగు తెరిస్తే వెనకవాళ్ళకు అడ్డం. కెమెరా ఉంటే జెట్‌లకు షట్టర్ 1/1000 లేదా అంతకన్నా వేగం, హెలికాప్టర్లకూ ప్రొపెల్లర్లకూ 1/250, లేదంటే ఫ్యాను గాలిలో ఆగిపోయినట్టు పడుతుంది. ఆకాశపు వెలుగుకు విమానం నల్లబడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 నుంచి 1 పెంచండి. ఫోన్‌తో అయితే ఫొటోలు మానేసి సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీయండి, ఇంటికొచ్చి మంచి ఫ్రేమ్ తీసుకోవచ్చు. ప్రదర్శన అయిన వెంటనే అందరితో గేటు దగ్గరికి పరుగెత్తకండి. ఒక గంట నీడలో కూర్చుని బయలుదేరితే బళ్ళారి రోడ్డు మీద ఆ గంట మిగులుతుంది.