ఎవరైనా తాము వేసిన బొమ్మ చూపించి "ఎలా ఉంది?" అంటే

"సూపర్" అని వదిలేయకండి. బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. బాలనాగమ్మ కథ తీసుకుని మాయల ఫకీరునీ, అతని ప్రాణం దాగున్న చిలకనీ వేశారనుకుందాం. రంగుల్లో చిలక పచ్చగా మెరుస్తూనే ఉంటుంది. నలుపు తెలుపుల్లో అది వెనకున్న ఆకుల్లో కలిసిపోయిందా? అయితే కథకు ప్రాణమైనదే కంటికి ఆనడం లేదన్నమాట. చిలక రంగు మార్చక్కర్లేదు, వెనకాల ఆకులకు ఇంకాస్త ముదురు పూత వేస్తే చాలు.

అదే ఫొటోను అద్దంలో కనిపించినట్టు ఎడమ కుడి తిప్పి చూస్తే వంకరపోయిన మూతి, ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉన్న కళ్లు ఇట్టే దొరికిపోతాయి.

వెలుగు సంగతి మాత్రం తొందరపడి అనకండి. దివిటీ ఎడమవైపు ఉండి గడ్డం కుడివైపు మెరుస్తుంటే మామూలుగా తప్పే. కానీ తెలంగాణలోని చేర్యాలలో కథల పటాలు వేసే నకాషీ పద్ధతిలో వేశారేమో ముందు అడగండి. అందులో ఎర్రటి నేపథ్యం మీద చదునైన రంగులు, చుట్టూ గీతలే ఉంటాయి. నీడలు లేవని వంక పెడితే అన్యాయం.

ఎంచుకున్న ఘట్టం కూడా చూడండి. ఫకీరు ఊరికే కళ్లెర్రజేసి కూర్చున్న బొమ్మ కంటే, చిలక బాలనాగమ్మ కొడుకు చేతికి చిక్కగానే ఫకీరు ముఖంలో పుట్టిన భయం వేస్తే నాకైతే ఎక్కువ మార్కులు.

వేసింది చిన్నపిల్లలైతే ఎడమ కుడి తిప్పే పరీక్ష అసలు పెట్టకండి.