కంపెనీ నుంచి మంచి ల్యాప్‌టాప్, మానిటర్, ఇతర సౌకర్యాలు అడిగి సాధించుకోవడం ఎలా?

హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ బృందానికి లీడ్‌గా చేరిన మొదటి వారమంతా, పక్క సీటు కుర్రాడి ల్యాప్‌టాప్ ఫ్యాను చప్పుడు నా చెవుల్లో మోగుతూనే ఉండేది. అతడు చేసేది ఆండ్రాయిడ్ యాప్ పని, చేతిలో ఉన్నది 8 జీబీ ర్యామ్ మెషీన్. యాప్ రాసే ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు, కంప్యూటర్‌లోనే ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్ కూడా తెరిస్తే మౌస్ బాణం ఆగి ఆగి కదిలేది, ఒక్కో బిల్డ్‌కు, అంటే రాసిన కోడ్‌ను నడిచే యాప్‌గా మార్చడానికి, పదకొండు నిమిషాలు పట్టేది. "రెండేళ్లుగా ఇంతే అన్నా, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు" అన్నాడు. నేను ఐటీ విభాగానికి వెళ్లి అడిగితే, వాళ్లు అతడి ఉద్యోగి నంబరు కొట్టి చూసి, ఆ పేరు మీద ఇంతవరకు ఒక్క టికెట్ (ఐటీ వారి సిస్టమ్‌లో నమోదు చేసే అభ్యర్థన) కూడా నమోదు కాలేదని స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. అతడు చెప్పినవన్నీ టీ తాగేటప్పుడు చెప్పినవే.

అడగందే అమ్మయినా పెట్టదన్న మాట నిజమే గాని, కంపెనీలో అడగడమంటే కాగితం మీద అడగడమే. చాలా చోట్ల మేనేజరుకు సొంతంగా ల్యాప్‌టాప్ కొనిచ్చే అధికారం ఉండదు. ఆయన మీ మాటను తన పైవారికి పంపాలి, వారు ఫైనాన్స్‌కు పంపాలి, అక్కడి నుంచి అది కొనుగోలు విభాగానికి చేరాలి. ఆ దారి పొడుగునా మీరు ఉండరు, మీరు రాసిన మెయిల్ ఉంటుంది. మీరు పక్కన లేకపోయినా మీ తరఫున మాట్లాడగలిగేలా ఆ మెయిల్‌ను తయారు చేయడమే ఈ పనిలో అసలు కిటుకు.

1. హక్కు ఏదో, అవసరం ఏదో, సౌకర్యం ఏదో విడదీసుకోండి

చట్టం ఇచ్చినదాన్ని బేరమాడి తెచ్చుకోనక్కర్లేదు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. రాత్రి షిఫ్టులో పనిచేసే మహిళలకు రవాణా, భద్రత కల్పించడం కూడా కంపెనీ బాధ్యతే. వీటిని "పెర్క్స్" (జీతంతో పాటు ఇచ్చే అదనపు సౌకర్యాలు) పట్టికలో చూపించి, అందుకు బదులుగా మరొకటి వదులుకోమంటే ఒప్పుకోకండి.

పని జరగడానికి కావలసిన పరికరం అవసరం కిందికి వస్తుంది. పని ఎలాగూ జరుగుతుంది గాని మీ బతుకు కాస్త సులువవుతుందన్నది సౌకర్యం. అవసరాన్ని పని లెక్కతో అడగాలి, సౌకర్యాన్ని జీతంతో కలిపి అడగాలి. రెండింటినీ ఒకే మెయిల్‌లో కలిపితే, సౌకర్యాన్ని కాదన్న చేత్తోనే అవసరాన్ని కూడా కాదంటారు.

2. జబ్బు నిజంగా ఎక్కడుందో తేల్చుకోండి

సర్వీసు కంపెనీల్లో పనిచేసే చాలామంది తమ ల్యాప్‌టాప్ నుంచి క్లయింట్ వారి వర్చువల్ డెస్క్‌టాప్‌లోకి (వారి సర్వర్‌లో నడిచే కంప్యూటర్‌లోకి) లాగిన్ అయి అక్కడే పని చేస్తారు. అలాంటప్పుడు నెమ్మది మీ ముందున్న మెషీన్‌ది కాకపోవచ్చు; అవతల కేటాయించిన మెమరీ తక్కువ కావచ్చు, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ కావచ్చు, ఇంట్లో వైఫై కావచ్చు. పోరాడి 32 జీబీ మెషీన్ తెచ్చుకున్న తర్వాత కూడా అదే నత్తనడక నడిస్తే, రెండోసారి అడిగే ముఖం ఉండదు. పని బరువుగా ఉన్న సమయంలో టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ, ప్రాసెసర్, డిస్క్ ఎంత నిండుతున్నాయో చూడండి. మెమరీ తొంభై శాతం దాటి, డిస్క్ ఆగకుండా తిరుగుతుంటే లోపం మీ మెషీన్‌లోనే ఉంది. అవి తీరుబడిగా కనిపిస్తే, అడగవలసింది క్లయింట్ వైపు వారిని.

3. కంపెనీ నియమాలు, డబ్బు ఎవరి ఖాతాలోదన్నది తెలుసుకోండి

అంతర్గత పోర్టల్‌లో పరికరాల పాలసీ ఒకటి ఉంటుంది. ఏ గ్రేడుకు ఏ మెషీన్, ఎన్నేళ్లకు మార్పిడి అన్నది అందులో రాసి ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ అడుగున అతికించిన అసెట్ ట్యాగ్ నంబరు చెబితే అది ఎప్పుడు కొన్నదో, వారంటీ ఎప్పటివరకు ఉందో హెల్ప్ డెస్క్ వారు చెబుతారు. కంపెనీల చట్టం, 2013 రెండో షెడ్యూల్ ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌ల ఉపయోగ కాలాన్ని 3 సంవత్సరాలుగా లెక్కించింది. ఇది తరుగుదల లెక్క కోసం పెట్టిన గడువే తప్ప మూడేళ్లకు కొత్తది ఇవ్వాలన్న ఆదేశం కాదు. అయినా నాలుగేళ్లు దాటిన మెషీన్ గురించి ఫైనాన్స్ వారితో మాట్లాడేటప్పుడు, వారి పుస్తకాల్లో దాని విలువ దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని తెలిసి మాట్లాడటం వేరు, తెలియక మాట్లాడటం వేరు.

పాత మెషీన్ల విషయంలో మరొక బలమైన కారణం ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారలేని మెషీన్ మీ దగ్గర ఉంటే, అది మీ ఒక్కరి ఇబ్బందిగా కాకుండా కంపెనీ భద్రతకు సంబంధించిన విషయంగా నమోదవుతుంది. అటువంటి టికెట్‌ను ఎవరూ తేలిగ్గా మూసేయరు.

ఇంటికి మానిటర్ అడిగేవారు తమ ఆఫీసు భవనం ప్రత్యేక ఆర్థిక మండలంలో ఉందేమో ముందుగా కనుక్కోవాలి. మాదాపూర్, గచ్చిబౌలి వైపు అలాంటివి చాలా ఉన్నాయి. పన్ను మినహాయింపుతో లోపలికి వచ్చిన వస్తువును గేటు దాటించడానికి అనుమతి కాగితాలు కావాలి. మీ మేనేజర్ "కుదరదు" అన్నది మొండితనంతో కాకపోవచ్చు. ఆ పరిస్థితిలో ఆఫీసు మానిటర్ ఇమ్మనే బదులు, కంపెనీ ఖర్చుతో బయట కొని నేరుగా ఇంటికి పంపించమని అడిగితే దారి దొరుకుతుంది.

4. ఒక వారం పాటు లెక్క రాయండి

ఎక్కువమంది దాటవేసే మెట్టు ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. "చాలా స్లోగా ఉంది" అన్న మాటకు ఫైనాన్స్ విభాగంలో విలువ లేదు, గంటలకు ఉంది. మా కుర్రాడి చేత అయిదు పనిదినాలు ఒక చిన్న పట్టిక రాయించాను: బిల్డ్ మొదలైన సమయం, ముగిసిన సమయం, మెషీన్ బిగుసుకుపోయి మళ్లీ స్టార్ట్ చేయవలసి వచ్చిన సమయం. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పక్క బృందంలోని స్నేహితుడి 16 జీబీ మెషీన్ మీద అదే ప్రాజెక్టును నడిపి చూశాం. పదకొండు నిమిషాల బిల్డ్ అక్కడ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. రోజుకు సగటున తొమ్మిది బిల్డ్‌లు. ఒక్కోదానికి ఏడు నిమిషాల తేడా అంటే రోజుకు 63 నిమిషాలు. నెలకు 21 పనిదినాల చొప్పున దాదాపు 22 గంటలు. క్లయింట్‌కు అతడి గంటకు ఎంత బిల్లు వేస్తున్నారో మా మేనేజరుకు తెలుసు. ఆ గుణకారం ఆయనే చేసుకున్నారు, మేము చేసి చూపించనక్కర్లేకపోయింది.

లెక్క నిజాయితీగా ఉండాలి. బిల్డ్ నడుస్తున్నంతసేపూ మీరు ఊరికే కూర్చోరు, కోడ్ రివ్యూ చూస్తారు, మెయిల్‌కు జవాబిస్తారు. ఆ సంగతి మీరే రాసి, పోయే సమయంలో సగమే లెక్కలోకి తీసుకోండి. సగం చూపించినా 11 గంటలు చిన్న సంఖ్య కాదు, పైగా ఆ సంఖ్యను ఎవరూ తప్పుపట్టలేరు.

మానిటర్, కుర్చీ విషయంలో ఇలా నిమిషాలు లెక్కపెట్టడం కుదరదు. అక్కడ వైద్యుని సలహా చీటీ ఉంటే జత చేయండి. లేకపోతే ల్యాప్‌టాప్ మీద మీరు ఎలా మెడ వంచుకుని కూర్చుంటున్నారో పక్కనుంచి తీసిన ఒక ఫోటో చాలు. మెడ నొప్పిని ఓర్చుకోవడం శ్రద్ధగా పనిచేస్తున్నామనడానికి గుర్తు కాదు. ముప్పైల్లోనే ఫిజియోథెరపీకి తిరుగుతున్న సహోద్యోగులను చూసి బాధపడి ఈ మాట రాస్తున్నాను.

5. పైకి పంపించగలిగే మెయిల్ రాయండి

మీ ఆఫీసులో వాడే భాషలోనే రాయండి, పది వాక్యాలు దాటనివ్వకండి. మూస ఇలా ఉండవచ్చు:

"నేను వాడుతున్న ల్యాప్‌టాప్ (అసెట్ ట్యాగ్ ఫలానా) కొని నాలుగేళ్లు దాటింది, దాని వారంటీ ముగిసింది. ఇందులో మా ప్రాజెక్టు బిల్డ్‌కు సగటున 11 నిమిషాలు, 16 జీబీ మెషీన్ మీద 4 నిమిషాలు పడుతోంది. అయిదు రోజుల పట్టిక, మెమరీ వినియోగం చూపే రెండు చిత్రాలు జత చేశాను. ఖాళీగా ఉన్న 16 జీబీ మెషీన్ కేటాయించినా సరిపోతుంది, ఇప్పుడున్నదానికి ర్యామ్ పెంచినా సరిపోతుంది. ఈ నెల 20లోపు నిర్ణయం తెలిస్తే తర్వాతి రిలీజ్ పనికి వీలుగా ఉంటుంది. టికెట్ నంబరు ఫలానా."

ఇందులో ఫిర్యాదు లేదు, ఇతరులతో పోలిక లేదు, రెండు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, ఒక తేదీ ఉంది. "ఫలానా అతనికి కొత్తది ఇచ్చారు, నాకెందుకు ఇవ్వలేదు" అని రాసిన మెయిల్‌ను ఏ మేనేజరూ పైకి పంపలేరు. పంపితే ముందు ఆయనే జవాబు చెప్పుకోవాలి. మెయిల్ పంపడానికి ఒక రోజు ముందు విడిగా కలిసి, "రేపు ఇలా రాస్తున్నాను, మీకు అభ్యంతరమేమీ లేదు కదా?" అని ఒక మాట చెప్పి ఉంచడం మర్యాద. అప్పుడు ఆయన ఆ మెయిల్‌ను తన పనిగా భావిస్తారు.

6. సమయం చూసుకోండి

ఏప్రిల్ నుంచి మార్చి లెక్క నడిపే కంపెనీలో తర్వాతి ఏడాది బడ్జెట్‌కు చివరి మూడు నెలల్లో కోరికలు చేరాలి. జనవరి నుంచి డిసెంబరు లెక్క నడిపే విదేశీ సంస్థల్లో ఆ పని సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే మొదలవుతుంది. ఖర్చు కాని డబ్బు మురిగిపోతుందనుకునే చివరి నెలలో చిన్న కొనుగోళ్లకు తలుపు కాస్త తెరుచుకుంటుంది.

అన్నింటికన్నా మంచి సమయం మాత్రం ఆఫర్ చేతికి వచ్చి, మీరు ఇంకా సంతకం చేయని ఆ కొద్ది రోజులు. నోటీస్ పీరియడ్ పూర్తి చేయకుండా వస్తే పాత కంపెనీకి కట్టవలసిన డబ్బు, వారంలో ఇంటి నుంచి పనిచేసే రోజులు, చేరిన రోజే ఇచ్చే మెషీన్ ఏదన్నది అప్పుడే తేల్చుకోవాలి. చేరిన తర్వాత అవే కోరికలకు "పాలసీ చూడాలి" అన్న జవాబు వస్తుంది.

7. కాదన్నప్పుడు కారణం అడగండి

"బడ్జెట్ లేదు" అంటే ఎప్పుడు ఉంటుందో అడిగి, ఆ తేదీని మెయిల్‌లో రాసి ఉంచండి. "మీ గ్రేడుకు రాదు" అంటే మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరిదో అడగండి. మా కుర్రాడికి కొత్త మెషీన్ రాలేదు. రాజీనామా చేసి వెళ్లిన ఒకరి 16 జీబీ మెషీన్ స్టోరులో మూడు నెలలుగా పడి ఉందని తెలిసి, దాన్ని శుభ్రం చేసి ఇచ్చారు. టికెట్ వేసిన తొమ్మిదో రోజున పని అయిపోయింది. ఫ్యాను చప్పుడు కూడా ఆగింది.

సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఆఫీసు పని చేస్తానని మాత్రం అనకండి. క్లయింట్ సమాచారం మీ సొంత మెషీన్ నుంచి బయటికి పొక్కితే ఆ బరువు మీ మీద పడుతుంది.

8. జీతానికి అనుబంధమైన సౌకర్యాలను పన్ను లెక్కతో కలిపి చూడండి

సీటీసీలో (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో) అంకె పెంచలేమన్నప్పుడు దాని అమరికను మార్చమని అడగవచ్చు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి కూడా, కంపెనీ వారి పేరున జాతీయ పెన్షన్ పథకంలో జమ చేసే మొత్తానికి మూల వేతనంలో 14 శాతం వరకు మినహాయింపు ఉంది. 2024 బడ్జెట్ ఆ పరిమితిని ప్రైవేటు ఉద్యోగులకు 10 నుంచి 14కు పెంచింది. కంపెనీకి దీనివల్ల అదనపు ఖర్చు లేదు కాబట్టి ఒప్పించడం సులువు. అయితే ఆ డబ్బు చాలాకాలం చేతికి రాదని గుర్తుంచుకోండి. తల్లిదండ్రులను కూడా చేర్చే బృంద ఆరోగ్య బీమా, నా దృష్టిలో, చిన్న జీతం పెంపు కన్నా విలువైనది. వయసు మీద పడి, షుగరు, బీపీ ఉన్నవారికి బయట విడిగా పాలసీ తీసుకోవడం ఎంత కష్టమో ఇంట్లో పెద్దవాళ్లున్న అందరికీ తెలుసు. వారి వాటా ప్రీమియం మీ జీతంలోంచి కోసుకున్నా సరే, చేర్చమని అడగండి.

పరికరాల విషయానికొస్తే, 2026 మార్చి 31 వరకు వర్తించే 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం కంపెనీ వాడుకోవడానికి ఇచ్చిన ల్యాప్‌టాప్, కంప్యూటర్ ఉద్యోగి ఆదాయంలోకి రావు. అదే ల్యాప్‌టాప్‌ను తర్వాత మీ పేరు మీదికి మార్చితే, పూర్తయిన ప్రతి సంవత్సరానికీ మిగిలిన విలువలో 50 శాతం తగ్గించి, మిగిలినదాంట్లో మీరు చెల్లించింది తీసేసి, తక్కినదాన్ని మీ ఆదాయంగా చూస్తారు. 80,000 రూపాయల ల్యాప్‌టాప్‌కు మూడు పూర్తి సంవత్సరాల తర్వాత ఆ విలువ 10,000 రూపాయలవుతుంది. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది కాబట్టి, సంతకం పెట్టేముందు పేరోల్ వారిని ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి.

మీరే కొని తర్వాత డబ్బు తిరిగి తీసుకునే ఏర్పాటు ఉంటే, బిల్లు కంపెనీ పేరు మీద, వారి జీఎస్టీ నంబరుతో వేయించండి. మానిటర్ మీద కట్టే 18 శాతం జీఎస్టీని కంపెనీ తన లెక్కల్లో సర్దుబాటు చేసుకోవాలంటే అలాంటి బిల్లు కావాలి. మీ పేరు మీద తెచ్చిన బిల్లు ఫైనాన్స్ బల్ల మీద నెలల తరబడి ఆగిపోవడానికి తరచుగా ఇదే కారణం.

9. ఒప్పుకున్నదాన్ని రాతలో తీసుకోండి, అందుకున్నదాన్ని నమోదు చేయించండి

నోటితో "చూద్దాంలే, ఇస్తాం" అన్న మాట, అన్నవారు ఉద్యోగం మారగానే పోతుంది. మాట్లాడిన రోజే "ఈరోజు మనం అనుకున్నది ఇది" అని రెండు వాక్యాల మెయిల్ పంపండి. వస్తువు అందిన రోజున సీరియల్ నంబరు, అప్పటికే ఉన్న గీతలు కనిపించేలా ఫోటో తీసి, ఆ మెయిల్‌కే జత చేయండి.

ఇంటికి ఇచ్చిన మానిటర్‌ను నేను ఒక పాత సంస్థలో తిరిగి అప్పగించినప్పుడు, గేటు దగ్గర సెక్యూరిటీ వారు ఇచ్చిన చీటీని జేబులో పెట్టుకుని పోగొట్టుకున్నాను. ఆరు నెలల తర్వాత రాజీనామా చేస్తే, ఆ మానిటర్ రాలేదంటూ నా చివరి లెక్కలో దాని ధర కోశారు. రిలీవింగ్ లెటర్ పదిహేను రోజులు ఆగింది. అప్పటి నుంచి అప్పగించిన ప్రతి వస్తువు చీటీని అక్కడే, గేటు దగ్గరే ఫోటో తీసి ఐటీ హెల్ప్ డెస్క్‌కు, నా సొంత మెయిల్‌కు పంపిన తర్వాతే బండి స్టార్ట్ చేస్తున్నాను.