ఒకే గడప, నాలుగు సంస్థలు: పిల్లలకూ కుటుంబాలకూ ఉమ్మడి సేవా భవనం ఎలా నడపాలి?

బాబును చంకనేసుకుని వచ్చిన ఒక అమ్మ చాలా ఏళ్ల కిందట నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. "మేడమ్, ఒక్కో ఆఫీసుకు ఒక్కో దినం పోతది. దినం పోతే కూలి పోతది." బాబుకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండని స్థితి. ఫిజియోథెరపీ ఒక సంస్థలో. మాటలు నేర్పించేది నగరం ఇంకో చివర. తాగొచ్చి కొట్టే భర్త విషయంలో సలహా అడగడానికి మూడో చోటు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కాగితాలు నింపించుకోవడానికి నాలుగో చోటు. నాలుగూ మంచి సంస్థలే, నాలుగు చోట్లా మంచి మనుషులే. కానీ నాలుగు చోట్లా ఆమె తన కథ మొదటి నుంచీ చెప్పుకుంది, నాలుగుసార్లు ఏడ్చింది, నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంది.

చిన్న స్వచ్ఛంద సంస్థలు నాలుగైదు కలిసి ఒకే భవనంలోకి మారాలని చాలా చోట్ల అనుకుంటున్నాయి. ఎక్కువ మంది అద్దె కలిసొస్తుందని మొదలుపెడతారు. అద్దె కలిసి రావడం మంచిదే. అయితే అద్దె కోసమే కలిసినవాళ్లు అద్దె పంచుకోవడం దగ్గరే ఆగిపోతారు, ఒకే వరండాలో నాలుగు తాళాలు వేలాడతాయి. ఆ తల్లికి ఎన్ని రోజుల కూలి మిగులుతుందన్న లెక్కతో మొదలుపెడితే ప్రతి నిర్ణయం మారిపోతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ లెక్క ప్రకారమే.

ఒకే చోట అన్నీ అన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో 1985లో, అప్పటి జిల్లా అటార్నీ బడ్ క్రామర్ చొరవతో పిల్లల కేంద్రం ఒకటి మొదలైంది. లైంగిక హింసకు గురైన పాపను పోలీసు ఒకసారి, డాక్టరు ఒకసారి, లాయరు ఒకసారి అదే ప్రశ్న అడగకుండా వాళ్లంతా పాప ఉన్న చోటికే రావాలన్నది దాని సూత్రం. హైదరాబాద్‌లో 2016లో పోలీసు శాఖ ప్రారంభించిన భరోసా కేంద్రం కూడా ఇదే దారిలో వచ్చింది. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సలహా, వాంగ్మూలం ఒకే చోట. 2018లో అక్కడే పిల్లలకు అనువైన కోర్టు కూడా తెరిచారు. ఒక తేడా గుర్తుంచుకోవాలి. భరోసాలో పోలీసు శాఖ ఆదేశం ఉంటుంది. స్వచ్ఛంద సంస్థల భవనంలో ఎవరూ ఎవరికీ పైఅధికారి కారు. అందుకే మనకు రాతకోతలు ఎక్కువ అవసరం.

1. భవనం వెతికేముందు తల్లుల తిరుగుడు లెక్కపెట్టండి

మీ దగ్గరికి వచ్చే ఇరవై, ముప్పై కుటుంబాలతో నింపాదిగా కూర్చోండి. గత మూడు నెలల్లో పిల్లల పని మీద ఎక్కడెక్కడికి వెళ్లారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఆటోకు ఎంతైంది, ఎన్ని పూటల కూలి పోయింది అని అడిగి రాసుకోండి. ఆ జాబితాలో మళ్లీ మళ్లీ కనిపించే పేర్లే మీతో భవనంలో ఉండాల్సిన సంస్థలు. మీ స్నేహితుల సంస్థ ఆ జాబితాలో లేకపోతే, ఎంత స్నేహమున్నా, పిలవకండి.

2. ముగ్గురితో మొదలుపెట్టండి, ఐదుగురికి మించకండి

ఒకరి పని ఇంకొకరికి ఆసరాగా ఉండాలి. దివ్యాంగ పిల్లల థెరపీ, బడి మానేసిన పిల్లల చదువు, గృహహింస బాధితులకు సలహా, తల్లులకు ఉపాధి శిక్షణ: ఇలాంటి కలయిక నిలబడుతుంది. ఇద్దరూ ఒకే పని చేస్తుంటే, ఒకే దాత దగ్గరికి వెళ్తుంటే, ఆరు నెలల్లో మనసులు విరుగుతాయి.

ప్రభుత్వం చేస్తున్న పనిని మీరు మళ్లీ చేయనక్కర్లేదు, దానికి దారి చూపగలిగితే చాలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలకు పుట్టుకలోపాలు, ఎదుగుదల ఆలస్యం పరీక్షిస్తారు. వాళ్లను చూసే ముందస్తు చికిత్స కేంద్రాలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో ఉన్నాయి. మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది. కేంద్ర ప్రభుత్వ బాలల పరిరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ వస్తుంది, దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 15100కు ఫోన్ చేయొచ్చు. భవనంలో ఎవరో ఒకరికి ఇవన్నీ కొట్టినపిండి అయి ఉండాలి.

3. ఇల్లు చూసేటప్పుడు పిల్లను ఎత్తుకుని నడిచి చూడండి

షేర్ ఆటో దిగిన చోటి నుంచి గేటు దాకా మీరే నడవండి, చేతిలో పదిహేను కిలోల బరువు పెట్టుకుని. అప్పుడు తెలుస్తుంది "దగ్గరే" అన్న మాటకు అర్థం. గ్రౌండ్ ఫ్లోర్ కావాలి. మొదటి అంతస్తు తప్పకపోతే లిఫ్టు ఉండాలి, కరెంటు పోయినా అది నడవాలి.

ర్యాంపు గురించి యజమానులు "వేయిద్దాం లెండి" అంటారు. లెక్క చూసుకోండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు కావాలి. గుమ్మం ముందు మూడు మెట్లు కలిపి అడుగున్నర ఎత్తుంటే పద్దెనిమిది అడుగుల జాగా ఉండాలి. అంత వాకిలి లేని ఇంట్లో ర్యాంపు పేరుతో జారుడుబండ కడతారు. వీల్‌చైర్ దాని మీద ఎక్కదు.

రెండు దారులుండడం మరో ముఖ్యమైన సంగతి. భర్త మీద ఫిర్యాదు గురించి మాట్లాడడానికి వచ్చిన ఆమె, అదే రోజు పిల్లాడి చదువు మీటింగుకు వచ్చిన భర్త ఎదురుపడకూడదు. సలహా గదికి పక్క నుంచి విడిగా తలుపు ఉంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి. పిల్లల మరుగుదొడ్లు, పెద్దల మరుగుదొడ్లు వేరువేరుగా ఉండాలి. చంటిపిల్లకు పాలిచ్చే మూల ఒకటి, తల్లులు కూర్చుని తెచ్చుకున్న అన్నం తినడానికి చోటొకటి మర్చిపోకండి.

4. అద్దె కాగితాలు విడివిడిగా, ఒప్పందం ఉమ్మడిగా

ఇక్కడే చాలా ప్రయత్నాలు తప్పటడుగు వేస్తాయి కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

సులువని ఒక పెద్ద సంస్థ భవనం మొత్తం అద్దెకు తీసుకుని మిగతావాళ్ల దగ్గర వసూలు చేస్తుంది. ఆ రోజు నుంచి అది మిగతావాళ్లకు యజమాని అయిపోతుంది. మాటల్లో కాకపోయినా తీరులో అయిపోతుంది. లెక్కల్లో అద్దె ఆదాయం కనిపిస్తుంది, ఆదాయపు పన్ను, జీఎస్టీ ప్రశ్నలు లేస్తాయి. అంతకన్నా మంచిది, ప్రతి సంస్థా తన గదులకు భవన యజమానితో నేరుగా ఒప్పందం రాసుకోవడం, తన ఖాతా నుంచి తనే చెల్లించడం.

విదేశీ విరాళాలు అందుకునే సంస్థ మీలో ఉంటే ఇది ఇంకా ముఖ్యం. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరించాక, ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధం. అవతలి సంస్థకూ ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పరిపాలన ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. "ఈ నెల మీరు కట్టేయండి, వచ్చే నెల మేం సర్దుతాం" అన్న మంచిమాట ఆ సంస్థ రిజిస్ట్రేషన్‌కే ముప్పు తేవచ్చు. ఉమ్మడి ఖర్చులకు దేశంలో వచ్చిన విరాళాలే వాడండి. సంతకాలకు ముందు నాలుగు సంస్థల ఆడిటర్లనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టండి.

పదకొండు నెలల అగ్రిమెంటు మన ఊళ్లలో అలవాటు. థెరపీ బార్లు నేలకు బిగించాక పదకొండు నెలలకు లేచిపోగలమా? కనీసం మూడేళ్ల లీజు అడగండి. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు ముందే వేసుకోండి.

ఖర్చు పంచుకోవడం ఎలా? ఊరికే ఒక లెక్క చూద్దాం. 3,000 చదరపు అడుగుల ఇల్లు, అద్దె 60,000. హాలు, వంటగది, వరండా లాంటి ఉమ్మడి జాగా 1,200. మిగిలిన 1,800లో ఒకరికి 900, ఒకరికి 600, ఒకరికి 300. ఆ నిష్పత్తిలో అద్దె 30,000, 20,000, 10,000 పడుతుంది. కరెంటుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఏసీ వేసుకునేది ఒకరు, ఫ్యానుతో సరిపెట్టుకునేది ఇంకొకరు. తలా ఒక సబ్‌మీటర్ పెట్టించండి. దాని ఖర్చు చిన్నది, అది ఆపే గొడవలు పెద్దవి.

డబ్బు జాగాను బట్టి, మాట మాత్రం సమానం. 300 అడుగుల సంస్థకూ 900 అడుగుల సంస్థకూ ఒక్కటే ఓటు. ఈ వాక్యాన్ని ఒప్పందం మొదటి పేజీలో రాయండి. అదే కాగితంలో ఎవరైనా వెళ్లిపోవాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్స్ ఎలా తిరిగొస్తుంది, అందరూ కలిసి కొన్న ఫ్రిజ్ ఎవరిది అన్నవి కూడా. విడిపోవడం గురించి మాట్లాడడం అపశకునమని కొందరు ఇబ్బంది పడతారు. స్నేహం బాగున్నప్పుడే ఇవి మాట్లాడుకోవాలి.

5. రిసెప్షన్‌లో ఎవరు కూర్చుంటారో ఆలోచించండి

భవనానికి ప్రాణం ఆ మనిషే. డిగ్రీలు చూడకండి. అదే బస్తీ నుంచి వచ్చిన, పిల్లల్ని పెంచిన, నోరు మంచిదైన ఒక అక్క దొరికితే వదులుకోకండి. హైదరాబాద్‌లో అయితే ఉర్దూ రావాలి. నగరం చుట్టూ ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలున్నాయి, ఒడియా తెలిసినవాళ్ల ఫోన్ నంబరైనా చేతిలో ఉండాలి.

ఆమె చేయాల్సిన అసలు పని ఒకటే. వచ్చిన తల్లిని "మూడో గదికి వెళ్లండి" అని చీటీ ఇచ్చి పంపకుండా, లేచి, వెంటబెట్టుకుని వెళ్లి, "ఈమె ఫలానా, బాబు సంగతి మీతో మాట్లాడాలని వచ్చింది" అని చెప్పి రావడం. పక్క గదే అయినా సరే. చీటీతో పంపినవాళ్లలో కొందరు ఆ గది దాకా వెళ్లరు, గేటు దాటి ఇంటికి పోతారు. నేను కళ్లారా చూశాను.

6. ఏది పంచుకోవాలి, ఏది పంచుకోకూడదు

తల్లి తన కథ ఒక్కసారి చెబితే చాలన్నట్టు ఉండాలి. అంటే ఆమె కథ భవనమంతా తెలియాలని కాదు. ఈ రెండింటి మధ్య గీత గీయడమే ఈ పనిలో కష్టమైనది.

ముందుగా మీ గేటు దగ్గరున్న విజిటర్స్ పుస్తకం చూడండి. పేరు, ఫోను, "వచ్చిన పని" అన్న గడి. మొన్న వచ్చినామె అక్కడ "భర్త కేసు" అని రాసి ఉంటుంది, ఇవాళ వచ్చిన ఆమె ఆడపడుచు దాన్ని చదువుతుంది. ఒక భవనంలో సరిగ్గా ఇలాగే ఒకామె ఇంట్లో విషయం పొక్కింది. ఆ గడిని ఈ రోజే తీసేయండి.

సమాచారాన్ని మూడు మూటలుగా కట్టుకోండి. పేరు, ఫోను, పిల్లల వయసు, మాట్లాడే భాష: ఇవి రిసెప్షన్‌కు తెలియొచ్చు. చికిత్స, చదువు, పథకాల వివరాలు ఇంకో సంస్థకు ఇవ్వాలంటే తల్లి సంతకం కావాలి. ఏ సంస్థకు, ఏ వివరం, ఎందుకు అన్నది ఆమె భాషలో చదివి వినిపించాకే ఆ సంతకం. డిజిటల్ డేటా రక్షణ చట్టం 2023 కూడా పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. మూడో మూట గది దాటకూడదు. హింస వివరాలు, హెచ్‌ఐవీ సంగతి, కోర్టు కేసు ఇందులోకి వస్తాయి. కేసుల్లో నిందితులుగానో బాధితులుగానో సాక్షులుగానో ఉన్న పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఫైళ్ల బీరువాలు ఎవరివి వాళ్లవే, తాళాలూ ఎవరివి వాళ్లవే.

ఒక మినహాయింపు ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. "మా సంస్థ పని కాదు, పక్క గదివాళ్లది" అనడానికి వీల్లేదు. తెలిసినవాళ్లే చెప్పాలి. ఈ మాట కుటుంబానికీ ముందే తెలియజేయాలి, తర్వాత మోసపోయామనిపించకూడదు.

7. భవనం మొత్తానికి ఒకే భద్రతా నియమం

ఒక సంస్థ కఠినంగా ఉండి ఇంకోటి వదులుగా ఉంటే మొత్తం వదులుగా ఉన్నట్టే. వాచ్‌మన్, ఆయా, వంటమనిషి, వారానికోసారి వచ్చే వాలంటీరు, సంస్థల అధ్యక్షులు, అందరికీ అదే నియమం, అందరికీ పోలీసు వెరిఫికేషన్. పిల్లలుండే ప్రతి గది తలుపుకూ అద్దం ముక్క ఉండాలి. దాతలు వస్తే హాలు చూపించండి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయనివ్వకండి.

రాత్రి పిల్లల్ని ఉంచుకోవద్దు, దానికి జువెనైల్ జస్టిస్ చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. తప్పిపోయిన బిడ్డ మీ గడప తొక్కితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, 24 గంటల్లోపు సమాచారం చేరాలి.

8. వేళలు తల్లులను అడిగి పెట్టండి

పది నుంచి ఐదు వేళలు మన సౌకర్యానికే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండు తర్వాతే తీరిక. కూలీలకు ఆదివారం. వారంలో ఒక్కరోజైనా నాలుగు సంస్థలూ ఒకే వేళకు తెరిచి ఉండాలి. సోమవారం థెరపీ, గురువారం లాయరు అయితే భవనం ఒక్కటై ఏం లాభం? ఆమె మళ్లీ రెండు రోజులు రావాల్సిందే.

ఆరు నెలలయ్యాక మొదట్లో మాట్లాడిన కుటుంబాల దగ్గరికే మళ్లీ వెళ్లండి. అవే ప్రశ్నలు అడగండి. ఎన్నిసార్లు వచ్చారు, ఆటోకు ఎంతైంది, ఎన్ని పూటల కూలి పోయింది. పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి నాలుగు సంస్థలవాళ్లూ కలిసి చదవండి. అంకె తగ్గకపోతే ఏ గది దగ్గర, ఏ వేళ దగ్గర ఆగిపోతోందో ఆ తల్లులే చెబుతారు. వాళ్లను కూడా ఆ మీటింగుకు పిలవండి, వచ్చినందుకు ఆ రోజు కూలి ఇచ్చి పంపండి.