మిద్దె మీద చెక్క నేలకు ఏ కర్ర కొనాలి?

ఎండావానలకు తట్టుకునే కర్ర అనగానే టేకు అడుగుతారు. కానీ లేత తోట టేకులో చేవ తక్కువ. ఆ ధర పెట్టేకన్నా ముదురు నల్లమద్దో, గుగ్గిలమో (సాల్) మేలు. రెండూ టేకుకంటే బరువు, గట్టి.

వీటితో ఇబ్బంది ఆరబెట్టడంలోనే. పచ్చి కర్ర బిగిస్తే ఒక్క వేసవికే నెర్రెలిచ్చి మెలితిరుగుతుంది. డిపోలో తేమ మీటరు పెట్టించండి. 15 శాతం దాటితే వద్దు. అంచున తెల్లచెక్క ఉన్న పలకలు తీసేయండి, చెదలు, బూజు మొదట పట్టేది దానికే. 'మలేసియా సాల్' పేరుతో రకరకాల కర్రలు అమ్ముతారు, కాబట్టి పేరు చూసి కాక బరువు, చేవ చూసి కొనండి.

పలక అంగుళం మందం, 4 అంగుళాల వెడల్పు చాలు. అంతకన్నా వెడల్పైతే దొప్పలా వంగుతుంది. 100 చదరపు అడుగులకు 8.3 ఘనపుటడుగులు; తరుగుతో కలిపి తొమ్మిదిన్నర కొనండి. పలకలను మోసే కింది బద్దల లెక్క వేరు. వాటిని 16 అంగుళాలకొకటి, నీటివాలు వెంబడే వేయాలి. అడ్డంగా వేస్తే నీరు నిలిచి కింది నుంచి కుళ్లుతుంది.

పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదలండి. ముందు బెజ్జం వేయకుండా స్క్రూ దించితే చివర చీలుతుంది. ఇనుప స్క్రూ వద్దు, మద్దిలోని టానిన్‌తో (వగరు పదార్థం) కలిసి నల్లమరకలు పడతాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడండి. విశాఖ, కాకినాడ లాంటి తీరాల్లో ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకునే 316 రకం. కోసిన ప్రతి చివరకూ వెంటనే మైనం పూయండి.