డయాలసిస్ మనిషికి మత్తు ఇచ్చే ముందు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయనకి వారానికి మూడు డయాలసిస్‌లు. బరంపురంలో హెర్నియా ఆపరేషన్ అన్నప్పుడు నా టెన్షన్ అంతా మత్తు గురించే. కిడ్నీలు పనిచేయకపోతే కొన్ని మందులు ఒంట్లోంచి త్వరగా పోవు. అందుకే సర్జన్‌తో మాట్లాడి ఊరుకోకండి, కొన్ని రోజుల ముందే మత్తు డాక్టరుని విడిగా కలవండి. ఏ మందు వాడాలన్నది ఆయన చూసుకుంటారు. డయాలసిస్ ఏ రోజుల్లో, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) ఎంత, ఒంటికి నీరు పట్టి వాపు వస్తోందా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఇవి చెప్పాల్సింది మనం.

డయాలసిస్ ఆపరేషన్‌కి ముందురోజు పడేలా అడగండి. అదేరోజు అయితే, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ప్రభావం మిగిలి రక్తం ఎక్కువ పోవచ్చు. రెండు మూడు రోజులు గ్యాప్ వస్తే పొటాషియం పెరిగి గుండెకి ప్రమాదం. డయాలసిస్ తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. పొటాషియం 5.5 దాటితే అత్యవసరం కాని ఆపరేషన్‌ని సాధారణంగా వాయిదా వేస్తారు. అప్పుడు తొందరపెట్టకండి, బస్సు ఖర్చు పోతే పోయింది.

నీరసంగా ఉన్నారని మా అత్తగారు ముందురోజు కొబ్బరిబొండం కొట్టించారు. కొబ్బరితోటల ఉద్దానం పక్కనే ఉన్నవాళ్లం, మనకి అదే అలవాటు. కానీ కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, వద్దన్నాను. ఎప్పటినుంచి తినకూడదు, ఎన్ని గుక్కల నీళ్లు తాగొచ్చు, ఏ బీపీ మాత్ర ఆపాలి, ఇన్సులిన్ ఎంత తగ్గించాలి, అన్నీ కాగితం మీద రాయించుకోండి.

నొప్పి మందుల గురించి కూడా ముందే అడగండి. మార్ఫిన్, పెథిడిన్ తాలూకు పదార్థాలు ఒంట్లో పేరుకుంటాయి, డైక్లోఫెనాక్ మిగిలిన కాస్త కిడ్నీనీ దెబ్బతీస్తుంది. వార్డుకి వచ్చాక మనిషి మరీ మగతగా ఉన్నా, ఊపిరి నెమ్మదించినా వెంటనే నర్సుని పిలవండి.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఫిస్టులా చెయ్యి గురించి, అంటే డయాలసిస్ సూదులు పెట్టడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చెయ్యి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, సెలైన్ పెట్టకూడదు. ఆ రాత్రి డ్యూటీ మారింది. కొత్తగా వచ్చినామె నేరుగా ఆ ఎడమచేతికే పట్టీ చుట్టబోయింది. నేను మెలకువగా ఉండబట్టి ఆపగలిగాను. తర్వాత ప్లాస్టరు ముక్క మీద ‘ఈ చేతికి వద్దు’ అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి మోచేతి పైన అంటించాను. మీరు ఇంటి దగ్గరే అంటించుకుని బయల్దేరండి. థియేటర్లో ఆ చెయ్యి నలగకుండా మెత్తగా పెట్టమని డాక్టరుకి చెప్పండి. బయటికి తేగానే ఫిస్టులా మీద వేళ్లు ఆనించి చూడండి. గుర్రుమని అదురుతుంటే సరే. అదురు తెలియకపోతే పొద్దున్నదాకా ఆగకండి, అప్పుడే డాక్టరుని పిలిపించండి.