ఎమ్మెస్ లైనుకి ఎస్సెస్, గన్‌మెటల్ కలపాలంటే

గాజువాకలో మా షాపుకొచ్చే ఫిట్టర్ కుర్రాళ్లు తరచూ అడిగేది ఇదే: "బాబాయ్, ఎమ్మెస్ లైనుకి ఎస్సెస్ వాల్వు పెట్టొచ్చా?" పెట్టొచ్చు. ఎమ్మెస్ అంటే మామూలు ఉక్కు (మైల్డ్ స్టీల్), ఎస్సెస్ అంటే స్టెయిన్‌లెస్ స్టీల్, గన్‌మెటల్ అంటే రాగి, తగరం కలిసిన లోహం. లైను లోపల ఏం పారుతుందో, బయట ఏం తడుస్తుందో ముందు కనుక్కోవాలి.

రెండు వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ, రెండూ ఒకే నీళ్లలో తడిస్తే అదొక బ్యాటరీ. ఒకటి కరిగిపోతూంటే రెండోది నిక్షేపంగా ఉంటుంది. పొడి ఆవిరి, నీటిచుక్క లేని ఆయిల్ లైన్లలో లోపల ఈ గొడవ లేదు, బయట కూడా తడవకపోతే అక్కడ ఇన్సులేటింగ్ కిట్టుకి (జాయింటులో ఒక లోహం నుంచి రెండోదానికి కరెంటు దాటకుండా ఆపే సామాను సెట్టుకి) డబ్బు తగలెయ్యొద్దు. పరవాడ సింహాద్రి కరెంటు ప్లాంటులా సముద్రపు నీళ్లు వాడే చోటయితే మాత్రం కిట్టు లేకుండా బోల్టు ముట్టుకోకండి.

సముద్రపు నీళ్లలో వరస ఇది: జింకు, అల్యూమినియం, ఎమ్మెస్, ఇత్తడి, గన్‌మెటల్, కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం), ఎస్సెస్, టైటానియం, ఆఖర్న గ్రాఫైట్. ముందున్నదే కరుగుతుంది. అంచేత ఉప్పునీటి లైనులో ఎస్సెస్ ఫ్లాంజిల (పైపు చివర బోల్టులు బిగించే చక్రాల) మధ్య గ్రాఫైట్ గ్యాస్కెట్ (లీకు ఆపే పలక) వద్దు.

సైజు కూడా చూడండి. పెద్ద ఎమ్మెస్ లైనులో చిన్న గన్‌మెటల్ వాల్వయితే నష్టం పెద్ద పైపంతా పంచుకుంటుంది. పెద్ద ఎస్సెస్ లైనులో చిన్న ఎమ్మెస్ నిప్పుల్ (పొట్టి పైపు ముక్క) పెడితే దాడంతా దానిమీదే, చిల్లు పడడం ఖాయం. పెయింటు విషయంలో చాలామంది తలకిందులుగా చేస్తారు. తుప్పు పట్టేది ఎమ్మెస్సే కదా అని దానికొక్కదానికే వేస్తారు. పెయింటులో సూదిమొనంత లోపముంటే చాలు, కరెంటంతా అక్కడే దిగుతుంది. ముందు ఎస్సెస్ వైపు వెయ్యండి, తర్వాత రెండోదానికీ వెయ్యండి.

ఇక కిట్టు. ప్రతి స్టడ్‌కీ (ఫ్లాంజిలు బిగించే మరల కడ్డీకి) స్లీవు (కరెంటు పారని గొట్టం) తొడగాలి, రెండు చివర్లా ఫ్లాంజిని ఆనుకుని ఇన్సులేటింగ్ వాషరు, దానిమీద స్టీలు వాషరు, ఆపైన నట్టు. ఈ రెండు వాషర్లు తారుమారైతే నట్టు తిప్పేసరికి ఇన్సులేటింగ్ వాషరు నలిగిపోతుంది. స్లీవు రెండు ఫ్లాంజిలూ దాటి వాషర్లలోకి రావాలి. పొట్టిదైతే స్టడ్ రంధ్రం అంచుకి తగులుతుంది, పొడుగైతే నట్టు దానిమీదే ఆగి గ్యాస్కెట్ బిగియదు. ఫ్లాంజిలు ఎదురెదురు కుదరకపోతే బోల్టులతో లాగి కుదర్చకండి, స్లీవు కోసుకుపోతుంది.

నీళ్లు నింపకముందే మీటరుతో ఒక్కో స్టడ్‌కీ రెండు ఫ్లాంజిలకీ మధ్య కరెంటు దాటుతోందేమో చూడండి. స్టడ్లన్నీ బాగానే ఉండి, ఫ్లాంజికీ ఫ్లాంజికీ మధ్య సున్నా (అంటే రెండూ కలిసే ఉన్నాయని) చూపిస్తే వెంటనే కిట్టుని తిట్టకండి, పైపు సపోర్టులూ యూ బోల్టులూ ఇనుప స్ట్రక్చర్ ద్వారా కలిపేసుండొచ్చు. వాటికింద రబ్బరు ప్యాడ్ వేయండి. ఎర్తింగ్ పట్టీ కనిపిస్తే మాత్రం మీరు తెంపకండి, ఎలక్ట్రికల్ వాళ్లనడగండి.

ఇంత చేసినా ఉప్పునీళ్లు పలచటి గ్యాస్కెట్‌ని దాటించి కరెంటు మోస్తాయి. అలాంటి లైనులో మధ్యన రబ్బరు లైనింగ్ ఉన్న స్పూలో (రెండు చివర్లా ఫ్లాంజిలున్న పైపు ముక్క), ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) స్పూలో పెట్టమని డిజైన్ వాళ్లనడగండి.

వెల్డింగే చెయ్యాలంటే ఎమ్మెస్‌కి ఎస్సెస్ కలపడానికి 309ఎల్ రాడ్ వాడాలి. ఎమ్మెస్‌మీద గాల్వనైజింగ్ (జింకు పూత) ఉంటే ముందే గ్రైండ్ చేసెయ్యండి, కరిగిన జింకు ఎస్సెస్‌ని పగలగొడుతుంది. ఎస్సెస్‌కి గ్రైండింగ్ వీల్ వేరుగా ఉంచండి.

పనయ్యాక ఫ్లాంజిమీద పెయింటుతో "ఇన్సులేటెడ్" అని రాయండి, లేకపోతే తర్వాతి షట్‌డౌన్‌లో వచ్చే గ్యాంగు స్లీవులు పారేసి మామూలు స్టడ్లు బిగించేస్తారు.