బాతుపిల్లల పెంపకం – మూడవ పాఠం: పచ్చి ఆకు అలవాటు చేయడం

గత పాఠంలో మొదటి వారపు వెచ్చదనాన్ని, తాగునీటిని గురించి తెలుసుకున్నాము. పిల్లలు చురుకుగా తిరుగుతూ స్టార్టర్ మేతను (తొలి వారాల్లో పిల్లలకు పెట్టే మేత) బాగా తింటూ ఉంటే, రెండవ వారం నుండి పచ్చి ఆకును కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు.

ఆకు మేతకు తోడు మాత్రమే. మేతకు బదులు కాదు. ఈ వయసు పిల్లలకు 20 శాతం దరిదాపుల్లో మాంసకృత్తులున్న మేత కావాలి. నీటిపై తేలుతూ పెరిగే చిన్న మొక్క అజొల్లాలో మాంసకృత్తులు పుష్కలమని అందరూ చెబుతారు గాని, 20 నుండి 25 శాతమనే ఆ లెక్క ఎండిన అజొల్లాది. పచ్చిదానిలో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది కనుక, 100 గ్రాములు తిన్నా అందే మాంసకృత్తులు రెండు, రెండున్నర గ్రాములకు మించవు. చిన్న పొట్ట నీటి ఆకుతోనే నిండిపోతే పిల్ల ఎదుగుదల కుంటుపడుతుంది. పైగా బాతుపిల్లకు కిలో మేతలో 55 మిల్లీగ్రాముల నయాసిన్ (బి3 విటమిన్) ఉండాలి. కోడిపిల్ల అవసరం కన్నా ఇది చాలా ఎక్కువ. ఇది తగ్గితే కాళ్లు వంకరపోతాయి, ఆ లోటును ఆకుకూరలు పూడ్చలేవు. అందుకే మేతలో నయాసిన్ ఎక్కువగా ఉండే ఈస్ట్ పొడి కలపడం మంచిది.

తోటకూర, తూటికూర, కాడలు తీసిన మునగాకు, శుభ్రంగా కడిగిన అజొల్లా పిల్లలకు అనువైనవి. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటబట్టనివ్వదు కనుక దానిని ఎప్పుడో ఒకసారి మాత్రమే వేయాలి. కర్రపెండలం ఆకు, ఆముదపు ఆకు, కాలువ గట్ల మీద పెరిగే లొట్టపీసు విషపూరితమైనవి. వాటిని దగ్గరకు రానీయకూడదు. పురుగుమందు కొట్టిన చేలగట్టు ఆకు ఎంత లేతగా కనిపించినా కోయవద్దు.

బాతుపిల్ల ఆకును నమలలేదు, ముక్కుతో పట్టి మింగుతుంది. కాబట్టి ఆకును గోరంత ముక్కలుగా తరిగి, పీచు కాడలను తీసివేసి, వెడల్పు పళ్లెంలోని నీటిపై తేలనివ్వాలి. నీటితో పాటు తోడుకొని మింగడం వాటి సహజ స్వభావం. మింగిన ఆకును కండకడుపు నలపాలంటే సన్నని ఇసుక అవసరం. దానిని వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

ఈ వారపు అభ్యాసం: ముందుగా ఉదయపు మేత తిననిచ్చి, ఆ తరువాత పది పిల్లలకు కలిపి ఒక గుప్పెడు తరిగిన తోటకూర వేయండి. అరగంటకు మిగిలినదాన్ని తీసి, నీరు మార్చండి. మరునాడు రెట్ట మరీ పలుచగా ఉంటే ఆకును సగానికి తగ్గించండి.